పిన్నులో పసుపుదారం

"ఆపప్పా. ఈ లోడు కదిలేదానికి లేదు."

ధనశేఖర్ ఉలిక్కిపడ్డాడు. మూడు నెలలుగా ఏదో ఒక సాకుతో ఆ షెడ్డుకు వస్తున్నాడు. లోకేశ్వరి అతనితో అంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు.

రేణిగుంటలో ట్రైలర్లు తయారుచేసే దేవరాజులు కూతురు ఆమె. ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుంది. ధనశేఖర్‌కు పికప్ బండి ఉంది. కొత్త ట్రైలర్ మీద జనరేటర్ వేసుకుని శ్రీకాళహస్తిలో ఒక కల్యాణ మండపానికి చేర్చాలి.

"ఏమైంది? జనరేటర్ ఎక్కించినాము కదా."

"యాడ ఎక్కించినారు? తోక మీద. బరువంతా వెనకుంటే ట్రైలర్ పాము మాదిరి ఊగతాది. ముందుకు జరుపు."

"వెనకుంటే దించేది ఈజీ."

"నిన్ను కాలవలోంచి తీసేది ఈజీ కాదు."

జరిపాడు. ఆమె ట్రైలర్‌ను పికప్‌కు కలిపే కొక్కెంలో పిన్ను దించింది. అది పైకి లేవకుండా అడుగు కన్నంలో క్లిప్పు పెట్టింది. రెండు గొలుసులను ట్రైలర్ ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా వేసి పికప్‌కు తగిలించింది. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

కొత్త ట్రైలర్ మొదటి లోడుకు షెడ్డు మనిషి వెంట వెళ్లాలి. దేవరాజులు పద్ధతి అది. ఆ రోజు వెళ్లే మనిషి లోకేశ్వరి. ధనశేఖర్ తల్లి జ్ఞానాంబ ట్రైలర్‌కు పూజ చేయడానికని వచ్చింది. అసలు పని పిల్లను చూడటం. అది అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

లోకేశ్వరి తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయి కర్పూరం ఆరిపోయింది. ముగ్గురూ ఎక్కారు.

"వంట వచ్చునా పాపా?" జ్ఞానాంబ అడిగింది.

"వచ్చు. వెల్డింగంత బాగా రాదు."

ధనశేఖర్ నవ్వాడు. తల్లి చూసింది. నవ్వు ఆగింది.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఏర్పేడు దాటాక రోడ్డు మీద ఒక గుంత. బండి ఎగిరిపడింది. వెనక నుంచి ఇనుము విరిగినట్టు చప్పుడు. పికప్‌ను ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగినట్టయింది.

"బ్రేకు ఒక్కసారిగా తొక్కొద్దు!" లోకేశ్వరి అరిచింది. "యాక్సిలరేటర్ వదిలెయ్! స్టీరింగ్ తిప్పొద్దు!"

ఎదురుగా లారీ. హారన్ చెవుల్లో మోగుతూ పక్కనుంచి పోయింది. బండి మెల్లగా వేగం తగ్గి రోడ్డు అంచున ఆగింది.

దిగి చూశారు. ట్రైలర్ ఊడిపోయి ఉంది. దాని ముక్కు రోడ్డుకు జానెడు ఎత్తున, అడ్డంగా వేసిన గొలుసుల్లో వేలాడుతోంది. పిన్ను లేదు. కొక్కేనికి తెగిన పసుపుదారం అంటుకుని ఉంది.

"క్లిప్పు యాడ?" అంది లోకేశ్వరి.

జ్ఞానాంబ కొంగు ముడి విప్పింది. అందులో ఉంది. "దారం ఆ కన్నంలో కట్టినాను పాపా. ఇది అడ్డమొచ్చిందని తీసినా."

లోకేశ్వరి ధనశేఖర్ వైపు తిరిగింది. "నువ్వు చూసినావా?"

"చూసినా."

"చూసి?"

"పూజ దారం తీస్తే అమ్మ బాధపడతాదని..."

"మీ అమ్మ కూడా ఈ బండిలోనే ఉండాది కదప్పా!"

అతను తల్లి చేతిలోంచి క్లిప్పు తీసుకుని లోకేశ్వరికి ఇచ్చాడు.

లోకేశ్వరి టూల్ బాక్సులోంచి వేరే పిన్ను తీసింది. జాకీ పెట్టి ట్రైలర్ ముక్కు లేపారు. మళ్లీ తగిలించారు. జ్ఞానాంబ కొంగు పట్టుకుని నిలబడింది.

"ఎక్కండిరా, రాహుకాలం వచ్చేస్తాది."

"రానీ," అన్నాడు ధనశేఖర్. "ఆగుమా. అంతా నేను చూడల్ల."

జ్ఞానాంబ నోరు తెరిచింది. ఇరవై ఎనిమిదేళ్లలో కొడుకు ఆమెను ఆగమన్నది లేదు. అతను వానలో మోకాళ్ల మీద కూర్చుని పిన్ను, క్లిప్పు, గొలుసులు ఒక్కొక్కటే చేత్తో లాగి చూశాడు. రెండుసార్లు చూశాడు.

జాకీ రాడ్డు తీసుకుని లేచేసరికి లోకేశ్వరి చెవి దగ్గర ఫోను.

"నాయనా, ట్రైలర్ ఊడింది. మేం బాగుండాము. తప్పు ఈయప్పదే, చూసి కూడా నోరు మూసుకున్నాడు. ఇప్పుడు వాళ్లమ్మ ముందరే నోరు లేచింది." ఒక్క క్షణం ఆగింది. "ఇంకోటి. నేను ఈయప్పనే చేసుకుంటా."

ధనశేఖర్ చేతిలోంచి జాకీ రాడ్డు కిందపడింది. జ్ఞానాంబ ట్రైలర్‌ను పట్టుకుంది.

"నాయనా? లైన్లో ఉండావా?"