పద్నాలుగుకూ ఇరవై రెండుకూ మధ్య గీత

పసుపు వంతు ముగిసి నీలం వంతు మొదలయ్యే వేళకు నర్మద వంతుపటం మీద పన్నెండోసారి అదే జవాబు చూసింది. నాలుగు రంగులు చాలవు.

పాత బొగ్గుగని అడుగున అరవై మూడు గల్లీలున్నాయి. పైన ఎండకు తాళలేక దిగివచ్చిన జనమంతా వాటిలోనే కాపురముంటున్నారు. రోజును ఆరేసి గంటల నాలుగు వంతులు చేసి, వంతుకో రంగు పెట్టి, ఆ రంగు పడ్డ గల్లీలకు చల్లగాలి వదులుతారు. ఒకే గొట్టం మీదున్న రెండు గల్లీలకు ఒకే రంగు పడితే రెండింటికీ సగం గాలే. అందుకని అలాంటి రెండింటి మధ్య పటంలో ఒక గీత ఉంటుంది. గీతకు అటూ ఇటూ ఒకే రంగు రాకుండా చూడడమే నర్మద కొలువు.

కొత్తగా తవ్విన అరవై నాలుగో గల్లీకి ఇంకా తాళం తీయలేదు. దానికోసం నలభై కుటుంబాలు గని మొగదల రేకుల షెడ్లలో పదకొండు రోజులుగా ఉడికిపోతున్నాయి. ఐదో రంగు కలిపితే ప్రతి వంతూ ఐదు గంటలకన్నా తగ్గిపోతుంది. రాతి వేడికి ఆ గాలి ఏ మూలకూ రాదు.

"అన్ని తీర్ల చూసినవా?" అని అడిగింది నర్మద.

"చూశాను," అంది పటాన్ని నడిపే యంత్రం వర్ణిక. "గీతలతో కలిసిన ఎరుపు, నీలం గల్లీల గొలుసుల్లో రంగులు తారుమారు చేశాను. ఒకసారి తప్పిన అమరిక జోలికి మళ్లీ పోకుండా కోటి దారులు వెతికాను. కుదరదని రుజువే దొరికింది. కొత్త గల్లీతో కలిపి తొమ్మిదింటి చిక్కుముడి ఒకటుంది. దానికే నాలుగు చాలవు."

"ఆ తొమ్మిదే సూపెట్టు."

గీత మీద వేలు పెడితే అది ఎందుకు పుట్టిందో కనబడుతుంది. గొట్టం. గొట్టం. మళ్లీ గొట్టం. పద్నాలుగుకూ ఇరవై రెండుకూ మధ్య ఆమె వేలు ఆగిపోయింది. 'ఫిర్యాదు. డప్పుల మోత. పెట్టినవారు: పంతులమ్మ ఓదెమ్మ.' పంతొమ్మిదేళ్ల కిందటిది.

"ఇది గాలి గీత కాదు గదా?"

"గీత గీతే. ఎందుకు పుట్టిందన్నది నా లెక్కలోకి రాదు."

నర్మద లేచి ఇరవై రెండుకు నడిచింది. తలుపు తీసిన ఓదెమ్మకు డెబ్బై దాటాయి. పద్నాలుగో గల్లీ డప్పు జట్టు తమ చల్లవేళలోనే సాధన చేసేది. అదే వేళ గోడ ఇవతల ఈమె పాఠం చెప్పేది. ఆ ఫిర్యాదు అప్పటిది.

"టీచరమ్మా, మీకు, పద్నాలుగోళ్లకు ఒక్కటే వంతు పడితే ఇబ్బందా?"

"బడి వేరే గల్లీకి పోయి ఆరేండ్లాయె బిడ్డా. ఇప్పుడు వాళ్లు కొట్టేటప్పుడు నాకు ఉడకపోస్తది, సక్కగ ఇననే రాదు. ఒక్కటే బాధ. ఏడో దెబ్బ కాడ అందరు తొందరపడ్తరు."

"మరి పోయి చెప్పకపోయిన్రా?"

"ఫిర్యాదు పెట్టినదాన్ని. ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

నర్మద ఆమె చెయ్యి పట్టుకుని పద్నాలుగుకు తీసుకుపోయింది. జట్టు పెద్ద సాయిలు సంగతంతా విని నవ్వాడు. "గా ఫిర్యాదు మా నాయిన మీద పెట్టిన్రు టీచరమ్మా. మీ కాడ లెక్కలు నేర్చుకున్నోణ్ని నేను. ఒక్క వంతైతే ఇంక మంచిదే. ఏడో దెబ్బ ఎట్ల కొట్టాల్నో మీరే చెప్పున్రి."

ఆమె బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించింది. జట్టంతా వంగి విన్నది.

తిరిగొచ్చి నర్మద గీత మీద చెయ్యి వేసింది.

"మనుషుల ఫిర్యాదుకు గీత గీసే నియమం ఉంది," అంది వర్ణిక. "చెరిపే నియమం లేదు."

"చెరపొద్దని ఉన్నదా?"

యంత్రం చాలాసేపు వెతికింది. "లేదు."

ఆమె చెరిపేసింది. రెప్పపాటులో అరవై నాలుగు గల్లీలూ నాలుగు రంగుల్లో కుదురుకున్నాయి. ఆకుపచ్చ వంతులో నలభై కుటుంబాలు మూటాముల్లెతో దిగాయి. ఒక పసిపిల్ల గాలిగొట్టం కింద నోరు తెరుచుకుని నిలబడి, ఎంత పిలిచినా కదలనంది. దాన్ని చూస్తూ నర్మద అన్నం సంగతే మరిచిపోయింది.

మర్నాడు పొద్దున వర్ణిక తనంతట తానే పలకరించింది.

"పటంలో ఫిర్యాదు గీతలు ఇంకా రెండు వందల పదమూడు ఉన్నాయి. అవి పోతే మూడు రంగులే చాలవచ్చు. వంతుకు ఎనిమిది గంటలు. కానీ వాళ్లకు ఆ గీతలు ఇంకా కావాలో వద్దో నాకు తెలియదు. తెలుసుకునే పద్ధతి నా దగ్గర లేదు."

"అడుగుడే పద్ధతి," అని నర్మద జాబితా తీసుకుని, దగ్గరలో ఉన్న మూడో గల్లీ వైపు బయల్దేరింది.