ద్రాక్షతోటలో రెండు గ్లాసులు

"ఇద్దరు జియాలజిస్టులు చచ్చిపోయినారు. ఇద్దరూ తాగింది ఈ వైనే." గూఢచారి శాఖ చీఫ్ షంషుద్దీన్ సీసా బల్లమీద పెట్టాడు.

1958. ప్రొద్దుటూరులో ఆయన అత్తరు దుకాణం వెనుక గది. ఏజెంట్ ఈశ్వరయ్య సీసా వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. వెల్లుల్లి కూడా గడప దాటని ఇంట పుట్టినవాడు.

"ల్యాబోళ్ళు విషం లేదన్యారు. లాంబర్ట్ దొర అదే సీసాలోది తాగినాడు, వానికేం కాలా."

"ఎవరు వాడు?"

"వైను వ్యాపారి వేషం, లోపల విదేశీ గూఢచారి. పులివెందుల కొండల్లో దొరికిన ఖనిజం మ్యాపు కావల్ల వానికి. మ్యాపు మూడో జియాలజిస్టు డాక్టర్ నారాయణ దగ్గరుండాది. రేపు ఈ వైను చేసే ద్రాక్షతోటలో దొర ఆయనకు విందిస్తాండాడు. పోవద్దంటే ల్యాబు రిపోర్టు చూపించి నవ్వుతాండాడు. వైనంటే పిచ్చి మనిషి! అసిస్టెంటుగా నువ్వు పో. ఆయన ప్రాణానికి నువ్వే పూచీ. ఆడ మన మనిషి ఉండాది, మిస్ మోనా."

"నేనూ తాగల్లనా?"

"తాగకుంటే అనుమానపడతారప్పా."

మరునాడు విందు. తోట యజమాని హనుమంతయ్య అమాయకుడు. మద్యనిషేధంలోనూ చర్చిల పూజకోసం పర్మిట్ మీద వైను చేసే కుటుంబం. ద్రాక్ష తొక్కే తొట్టి చూపిస్తూ ఉబ్బిపోయాడు.

"మా నాయన కాలం నుంచీ కాళ్ళతోనే తొక్కుతాండాము సామీ. మిషన్లు పెట్టలా."

ఈశ్వరయ్య అతని కొడుకుల పగిలిన మడమలు చూశాడు. ఛీ, ఇదా దొరలు మురిసిపోయే తెల్ల వైను!

జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలతో మోనా వచ్చింది.

"మైదుకూరు బస్సు పోయిందా?" గుసగుసగా అడిగింది.

"టైరు పంక్చరయింది."

కోడ్ కుదిరింది. ఆమె పట్టు చేతిరుమాలుతో రెండు గ్లాసులు తుడిచి ఒకటి డాక్టరుకు, ఒకటి ఈశ్వరయ్యకు ఇచ్చింది. లాంబర్ట్ అందరికీ పోసి, తన గ్లాసు ముందుగా తాగేశాడు.

డాక్టరు గ్లాసు వెలుగుకు పట్టి రంగు చూస్తున్నాడు, వాసన చూస్తున్నాడు. ఈశ్వరయ్యకు అంత ఓపిక లేదు. ఎవరెవరి మూతులు తగిలిన గ్లాసో! తల వెనక్కి వాల్చి, ఇంట్లో చెంబు ఎత్తి నీళ్ళు తాగినట్టే, అంచు తగలకుండా గొంతులో పోసుకున్నాడు. పులిసిన కంపు!

"అట్లా కాదు!" మోనా అరిచింది. "పెదాలు ఆనించి తాగాలి!"

ఆమె ముఖం పాలిపోయింది. వైను లోపలికి పోయింది కదా, ఇంకా ఎందుకింత కంగారు? ఈశ్వరయ్యకు ఒక్కసారిగా వెలిగింది. విషం వైనులో లేదు. రుమాలులో ఉంది. గ్లాసు అంచుకు బయటివైపున ఉంది!

డాక్టరు గ్లాసు మీసాల దాకా వచ్చేసింది. ఈశ్వరయ్య అరచేత్తో కొట్టాడు. గ్లాసు బండమీద పడి పగిలింది.

లాంబర్ట్ చెయ్యి కోటులోకి పోయింది. ఈశ్వరయ్య చీఫ్ ఇచ్చిన పెన్ను అతనివైపు తిప్పి నొక్కాడు. దొర కళ్ళనిండా కారప్పొడి! కూలీల వేషంలో ఉన్న పోలీసులు మీదపడ్డారు.

ఈశ్వరయ్య తన గ్లాసు మోనాకు చాపాడు. "నువ్వే పెదాలు ఆనించి చూపించమ్మా."

ఆమె వెనక్కి నడిచింది. దొరకు అమ్ముడుపోయి, చచ్చిపోయిన ఆ ఇద్దరికీ ఇలాగే నవ్వుతూ అందించి ఉంటుంది. ఆమె ముందు ఆ మడమలే శుభ్రమనిపించి, అతను అటు తిరిగి ఉమ్మేశాడు.

హనుమంతయ్య ఏడుపు ముఖంతో వచ్చాడు. "మా పేరు పాయె సామీ. వైను మాత్రం బాగుండాది గదా?"

"శానా బాగుండాది," అన్నాడు ఈశ్వరయ్య. దేశంకోసం ఎన్నో అబద్ధాలు ఆడినవాడే గానీ, ఏదీ ఇంత చేదుగా లేదు.