చివరిదాకా చూడని వీడియో

చెల్లెలి కుట్టుషాపు తగలబడిన రోజు పొద్దున అన్న ఎప్పటిలాగే సెలూన్ తెరిచి, తనకు నచ్చిన న్యూస్ చానెల్ పెట్టాడు. మొదటి గిరాకీకి గడ్డం గీస్తుండగా ఫోన్ మోగింది. "అన్నయ్యా, షాపు పోయింది," అంది చెల్లెలు. ఆ గొంతులో ఏడుపు లేదు.

ఊరికి ఆ చివరనున్న షాపుకు అతను చేరేసరికి మంటలు ఆరిపోయాయి. మిషన్లు నల్లగా మాడిపోయాయి. కుట్టడానికిచ్చిన బట్టలు తడిసి ముద్దై, ఏవి ఎవరివో తెలియకుండా ఉన్నాయి. షట్టర్ మీద ఎవరో 'హంతకులు' అని రాశారు.

అంతకుముందు రోజు మార్కెట్ షాపులు కూల్చొద్దని ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళు అంబులెన్సును ఆపారని, లోపలి మనిషి చచ్చిపోయాడని, సాయంత్రానికల్లా ఒక వీడియో ఊరంతా తిరిగింది. ఈ మొహాలు గుర్తుపెట్టుకోండి అని దాని కింద రాసి ఉంది.

మధ్యాహ్నం అమ్మ ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఎవరూ ముట్టలేదు.

"నా గిరాకీ ఒకావిడ చూపించింది. వాళ్ళాయన నీ సెలూన్ గ్రూపులో ఉన్నాడట. ఆ వీడియో అందులో పెట్టింది నువ్వే," అంది చెల్లెలు.

"అందరూ పంపారు. నేనూ పంపాను."

"అందులో నేనున్నాను."

"చివరిదాకా చూడలేదే. చేతినిండా నురుగు. అంబులెన్సు మాట చెవిన పడింది, చిటికెన వేలితో నొక్కి పంపేశాను. పని మధ్యలో రోజూ చేసేది అదేగా!"

"దాని కింద నా షాపు అడ్రసు కూడా రాశారెవరో. అదీ చూడలేదా? లేచి అంబులెన్సుకు దారిచ్చింది మేమే అన్నయ్యా. ఆ ముక్క కోసేశారు."

"మీ చానెల్ వాళ్ళు మాత్రం కోయరా?" ఇద్దరివీ వేరే పార్టీలు, వేరే చానెళ్ళు; నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

అమ్మ గరిటె ఠప్పున కింద పెట్టింది. "దాని బతుకు బుగ్గైపోతే ఇంకా చానెళ్ళ గోలేంట్రా నీకు?"

అతను తల దించుకున్నాడు. "అమ్మతోడు, నువ్వున్నావని తెలిస్తే పంపేవాణ్ణి కాదు."

"మరి నా పక్కన కూర్చున్నావిడ? ఆవిడకి సెలూన్ నడిపే అన్నయ్య లేడు. ఆవిడనైతే పంపొచ్చా?"

అతను జేబులో చెయ్యి పెట్టి, "కొత్త మిషన్లకి డబ్బులు నేనిస్తానే," అన్నాడు.

"నాకు డబ్బులొద్దు," అంది చెల్లెలు. "అదే గ్రూపులో రాయి. ఆ వీడియో అబద్ధం, అందులో ఉన్నది నా చెల్లెలు అని. అలా రాయకపోతే హంతకురాలి దగ్గర బట్టలు ఎవరు కుట్టించుకుంటారు?"

"రాస్తే నా షాపుకెవడొస్తాడే? నా కుర్చీలో కూర్చునేదంతా మావాళ్ళే."

"నేనెవరి మనిషిని మరి?"

అన్నకు ఏడుపు ఆగలేదు. అమ్మ ముందు, చెల్లెలి ముందు, కంచం పక్కకు జరిపి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. రాస్తానన్నాడు. ముందు షాపు శుభ్రం చేద్దాం పదమన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. అతను బూడిద ఎత్తిపోస్తుంటే ఆమె కత్తెరలు ఏరుతోంది. చాలా కాలం తర్వాత పక్కపక్కన పనిచేస్తున్నారు. ఒకసారి ఆమె, "అమ్మకి చెప్పకు గానీ, ఆకలేస్తోంది," అంది. ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

అంతలో ఒక బండి ఆగింది. దాని మీదున్నవాడు వారం వారం అన్న దగ్గర గడ్డం గీయించుకునే మనిషి.

"ఏంటన్నా, హంతకుల షాపు ఊడుస్తున్నావు? పార్టీ మారావా ఏంటి?" అని నవ్వాడు.

చెల్లెలు చేతిలోని కత్తెర అలాగే పట్టుకుని అన్న మొహంలోకి చూసింది.

"అదేం లేదు తమ్ముడూ," అన్నాడు అన్న. "బిల్డింగ్ ఓనరు తెలిసినవాడు, రమ్మంటే వచ్చా."

బండి వెళ్ళిపోయింది. చెల్లెలు అతని చేతిలోంచి చీపురు తీసుకుని మిగతాది తనే ఊడ్చింది.

ఆమె ఇప్పుడు వేరేవాళ్ళ షాపులో కాజాలు కుడుతోంది. అన్న రోజూ సెలూన్ తెరుస్తున్నాడు. ఆ గ్రూపులో అతను ఇంతవరకు ఏమీ రాయలేదు.