జడలబావి దగ్గర రెండు నిమిషాల మౌనం

బెల్లంకొండ దాటాక ఓ గుట్ట మీద పడిపోయిన కోట ఒకటి ఉంది. కోటంటే పెద్దదేం కాదు. రెండు బురుజులు, ఒక గోడ, ఒక ఎండిపోయిన బావి. ఆ బావిని జడలబావి అంటారు.

పొద్దు గూకితే ఆ గుట్ట మీద గొర్రె కూడా నిలవదని చెబుతారు. కోటలో పనిచేసే ఆడమనిషికి దొంగతనం అంటగట్టి, తల గొరిగించి, ఆ జుట్టు బావిలో పారేశారట. జుట్టు వెనకే తనూ దూకిందట. అప్పటినుంచీ చీకటి పడితే బావి అడుగుతుంది... "జుట్టు... జుట్టు ఇవ్వండి..."

ఈ మధ్య ఆ బావికి కొత్త కథ పుట్టింది. నేను మూడు టీకొట్ల దగ్గర విన్నాను. యాత్రికుల్ని వెంటేసుకుని వెళ్ళిన కుర్రాడొకడు బావి పిలిస్తే పంచె వదిలేసి పరిగెత్తాడట. నకరికల్లు టీకొట్లో ఆ కుర్రాడికి మూడు రోజులు జ్వరం. క్రోసూరు టీకొట్లో ఏకంగా చచ్చిపోయాడు.

ఆ కుర్రాడు నేనే కాబట్టి కొంచెం సవరించి చెబుతాను. పంచె కాదు, జీన్స్ పాంటు. వదల్లేదు.

నా పేరు కోటేశ్వరరావు. కోటప్పకొండ మొక్కుకి పుట్టి, దేవుడు లేడని నరసరావుపేట అంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. పుస్తకాలు చాలా చదివాను. అందులో వాక్యాలు నావే అన్నట్టు వాడేవాణ్ణి. భుజాల దాకా పెంచిన జుట్టొక్కటే నా సొంతం. మిగతాదంతా అరువు.

పల్నాడు కొండలూ కోటలూ జనానికి చూపించాలని మూడు రోజుల యాత్ర పెట్టాను. దాని పేరు 'రాళ్ళెత్తినవాళ్ళ చరిత్ర'. పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో ఒకరు రామాయమ్మ టీచరు గారు, బడిలో నాకు సోషల్ చెప్పినావిడ. ఆఖరి రాత్రి జడలబావి దగ్గర నిలబడి దెయ్యం లేదని నిరూపించడం నా పథకం.

దానికి మైకు కావాలి. మా వీధి చివర సైదాబీ పిన్ని దగ్గర చేతి మైకు ఉంది. ఆవిడ మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి ఏదో బేరం చేస్తుంది. ఏం బేరమో నేనెప్పుడూ అడగలేదు. శ్రామికురాలు... నాకది చాలు.

"పిన్నీ, ఇది మైకు కాదు. ప్రజల గొంతు," అన్నాను.

"ఎవరి గొంతయితే ఏంది, సోమవారం తెల్లారేసరికి నాకు కావాల. క్రోసూరు పోవాల." ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎర్ర మీట ముట్టుకోమాక అబ్బాయ్. మైకు పగిలితే ఇంకోటి కొనుక్కుంటా. అందులో ఉన్నది పోతే నాకు మళ్ళీ రాదు."

శ్రమ విలువ గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదని నోటుబుక్కులో రాసుకున్నాను.

వ్యాను నడిపింది మోయిన్, సైదాబీ పిన్ని ఇంటాయనకి మేనల్లుడు. మొదటి రోజు కొండవీడు. ఎక్కడం మొదలైన దగ్గర్నుంచి బురుజు దాకా నేను మైకు దించలేదు. రెండో రోజు కారెంపూడి, గురజాల, మాచర్ల. "యుద్ధాలు రాజులవి, చావులు మనవి!" అని అరిచాను. "ఒరేయ్ కోటేసూ, ఆకలి కూడా మనదేరా," అంది రామాయమ్మ టీచరు. "ముందు టిఫిను పెట్టించు."

మూడో రోజు ఆదివారం. జడలబావి చేరేసరికి చీకటి పడింది. మోయిన్ వ్యాను దగ్గరే ఉండిపోయాడు. మిగతావాళ్ళం ఎక్కాం.

చంద్రుడు లేడు. గాలి లేదు. కాళ్ళకింద రాళ్ళు కదులుతున్న చప్పుడు...

బావి గట్టు మీద కాలు పెట్టి మైకందుకున్నాను. "భయం పాలకుల ఆయుధం! దెయ్యాన్ని పుట్టించింది దొరలు!" అన్నాను. బావి ఒక్కో మాటనీ మింగి, ఒకటి తక్కువగా తిరిగి ఇచ్చింది... దొరలు... రలు... లు...

"చాలురా. దిగుదాం," గుసగుసగా అంది టీచరు.

"ఒక్క పని టీచరు గారూ. ఈ రాళ్ళు మోసిన పేరు లేని కూలీల కోసం రెండు నిమిషాలు మౌనం. ఫోన్లు ఆపండి. లైట్లు ఆపండి."

మైకుని గట్టు మీద, మూతి బావిలోకి ఉండేలా బోర్లించాను. గౌరవంగా.

చీకటి. ఒక నిమిషం గడిచిందేమో —

బావిలోంచి...

ముందు గురక లాంటి చప్పుడు. తర్వాత, మగో ఆడో తెలియని గొంతు. ఈడ్చుకుంటూ, లోతులోంచి...

"జుట్టూ... తల్లీ... జుట్టూ..."

ఎవరో నా చొక్కా పట్టుకున్నారు.

"రాలిన జుట్టూ... ఇచ్చుకోండి తల్లీ..."

నా పక్కన టీచరు గారి చేతులు పైకి లేచాయి. తల వెనక నుంచి ఏదో పర్రున లాగింది. సవరం! కనకాంబరాలతో, పిన్నుతో సహా బావిలోకి విసిరింది. "తీసుకో తల్లీ! నా పెళ్ళప్పటిది, తీసుకుని పిల్లల్ని వదిలెయ్!"

బావి శాంతించలేదు. "సవరాలూ..." అంది.

ఇక అందరూ పరుగు. ఎవరు ముందో రాయను. యాత్రకి నాయకత్వం వహించినవాడే పరుగుకీ వహించాడని మాత్రం ఒప్పుకుంటాను.

కింద మోయిన్ వ్యాను దిగి, గుట్ట వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. గొంతు అక్కడిదాకా సన్నగా వస్తోంది.

"బండి తియ్ రా! దెయ్యం!"

"దెయ్యం కాదన్నా." వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. "మా మామూ."

"ఏ మామూ?"

"అబ్దుల్ రహీమ్ మామూ. పోయి రెండేళ్ళు."

వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టినవాళ్ళు అలాగే ఆగిపోయారు. రామాయమ్మ టీచరు ఆంజనేయ దండకం అందుకుంది. రెండో వాక్యం నుంచి నేనూ కలిశాను. మొత్తం నోటికొచ్చని అప్పుడే తెలిసింది.

"మైకేదన్నా?" అన్నాడు మోయిన్.

దండకం ఆగింది.

"పైన... గట్టు మీద... బోర్లించి..."

"మామూ భార్య, మా సైదాబీ ముమానీ, జుట్టు కొంటదన్నా. చిక్కు జుట్టు, రాలిన జుట్టు, పాత సవరాలు. నీకు తెలవదా? మీ వీధేగా?" ఆశ్చర్యంగా చూశాడు. "ఆమెకి అరవడం చేతగాదు. మామూ పోయే ముందు తన గొంతే రికార్డు చేసిచ్చాడు. నువ్వు బోర్లించినాక జారి మీట నొక్కుకుని ఉంటది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వ్యానంతా పాకింది. నాకు నవ్వు రాలేదు. ఎర్ర మీట ముట్టుకోమాక అబ్బాయ్...

"ఎర్రది నొక్కితే ఏమవుద్ది?"

"దాని మీద కొత్తది రికార్డవుద్ది. ఆయన పోతాడు. ఫోన్లో కూడా లేదన్నా, అదొక్కటే."

అందర్నీ బెల్లంకొండలో దింపి పిన్నికి ఫోను చెయ్యమని మోయిన్‌కి చెప్పి, నేను మళ్ళీ ఎక్కాను. ఒంటరిగా. అది మైకేనని తెలుసు. తెలిసీ దండకం మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను. చదువు నాలిక దాకా దిగలేదు.

మైకు గట్టు అంచున వేలాడుతోంది. ఇంకో వేలెడు జరిగితే లోపలే. ఒళ్ళోకి తీసుకుని ఫోన్ లైటు వేశాను.

మూడు మీటలున్నాయి. మూడూ అరిగి తెల్లబడ్డాయి. ఎరుపు ఏ దాని మీదా మిగల్లేదు. ఎర్రది ఏదో ఆవిడ బొటనవేలికి తెలుసు, నా కంటికి తెలియదు. పక్కనున్న స్విచ్ తిప్పితే ఉన్నదంతా చెరిగిపోతుందేమోనని దాన్నీ ముట్టుకోలేదు.

కాబట్టి కూర్చున్నాను.

రాత్రంతా ఆయన అడుగుతూనే ఉన్నాడు. "చిక్కు జుట్టు తల్లీ, రాలిన జుట్టు తల్లీ..." నా ఒళ్ళో ఆ గొంతు మామూలుగానే ఉంది. ఓపికగా, కొంచెం సిగ్గుగా. ప్రతిసారీ చివర చిన్న దగ్గు. ఆ తర్వాత, రికార్డులో ఉందని తనకే తెలియని ఓ మాట, మెల్లగా —

"సరిపోయిందా, సైదా?"

నేను మూడు రోజులు అరిచిన దాంట్లో అంత మాట ఒక్కటీ లేదు.

ఛార్జింగు తగ్గేకొద్దీ గొంతు సాగింది. కింద ఊళ్ళో కుక్కలు మొరిగాయి, తలుపులు మూసుకున్నాయి. క్రోసూరు టీకొట్లో నేను చచ్చిపోయింది ఆ గంటలోనే అయి ఉండాలి.

తెల్లవారుజామున సైదాబీ పిన్ని వచ్చింది. మోపెడ్ కింద పెట్టి, ఆయాసపడుతూ ఎక్కింది. నా ఒళ్ళోంచి మైకు తీసుకుంది. చూడకుండానే వేలు ఒక మీట మీదికి వెళ్ళింది.

నిశ్శబ్దం.

ఇంకో మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. చివరి మాట దాకా విన్నది. అప్పుడు గానీ బావిగట్టు మీద కూర్చోలేదు.

"రాత్రంతా ఈడనే ఉన్నావా?"

"ఏ మీటో తెలియలేదు పిన్నీ."

"ఫోనుంది గదరా చేతిలో. అడగొచ్చుగా?"

అడగొచ్చు. మీట గురించీ అడగొచ్చు, బేరం గురించీ అడగొచ్చు. రెండూ నాకు తట్టలేదు.

"మోయిన్ చెప్పాడు, టీచరమ్మ సవరం పారేసిందంట," పైట చెంగు సర్దుకుంది. "అసలు జుట్టేనా? రాత్రంతా ఆయన చేసిన బేరం వదులుకుంటామేంది. లైటు కొట్టు."

కొట్టాను. నిలువున్నర లోతు, చుక్క నీళ్ళు లేవు. అడుగున రాళ్ళు, ఒక ఖాళీ సీసా. రాళ్ళ మీద కనకాంబరాలున్నాయి. దండ దండగానే, వాడిపోకుండా. పక్కన పిన్ను.

సవరం లేదు.

లైటు చుట్టూ తిప్పాను. మళ్ళీ తిప్పాను.

"గాలికి ఎగిరి ఉంటుంది," అన్నాను, శాస్త్రీయంగా.

పిన్ని వంగి బావిలోకి చూసింది. మైకుని పైట కింద పెట్టుకుంది. "రాత్రి గాలేడుంది అబ్బాయ్?" అని, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

దెయ్యాలు లేవు. ఇప్పటికీ నేనదే చెబుతాను. గుట్ట దిగినంతసేపూ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని, నా జుట్టు గట్టిగా పట్టుకుని దిగానన్నది మాత్రం ఏ టీకొట్టు వాళ్ళకీ తెలియదు.