ఒత్తిగిల్లిన తిమింగలం

“ఆగండి పెద్దమ్మా! తోక వంకరపోతోంది!”

అరిచింది స్కేలు. స్కేలంటే ఐదో తరగతి అమ్మాయే. ఇంత చిన్న గీత గీయాలన్నా స్కేలు పెడుతుందని క్లాసంతా కలిసి ఆ పేరు ఖాయం చేసేశారు.

ఆ అరుపుకి, గాజు ఊది దీపాలు చేసే గాజు పెద్దమ్మ ఉలిక్కిపడి తల తిప్పింది. ఆమె చేతిలోని పొడవాటి ఇనుప గొట్టం ఒక్క క్షణం తిరగడం ఆగింది. అంతే! గొట్టం చివర ఎర్రగా మెరుస్తున్న గాజు బుడగ సాగి, జారి, నేలకి అతుక్కుపోయింది.

సోమవారం స్కూల్లో పుస్తకాలు చదువుకునే కొత్త గది తెరుస్తున్నారు. అందులో వేలాడదీసే దీపం కోసం పోటీ పెడితే స్కేలు గీసిన బొమ్మే గెలిచింది. నిటారు తోకతో నీలి తిమింగలం! పెద్దమ్మ దాన్ని చూస్తూ పని చేయడానికి వీలుగా, సుద్దముక్కతో నేలమీద అసలు సైజులో గీయించింది. మొదలుపెట్టేముందే ఒక మాట కూడా చెప్పింది.

“గాజు కొలిమిలో ఉన్నప్పుడు ఎంతైనా మాట్లాడు తల్లీ. బయటుంటే మాత్రం నోరు మెదపకు. నా చెయ్యి ఆగిందంటే గాజు మన మాట వినదు.”

ఎక్కడ విన్నది! ఆ అమ్మాయి ధ్యాసంతా తన గీత మీదే.

“ఇంకా నీలి గాజు ఉందా?” అడిగింది స్కేలు.

“ఒక్క దీపానికి సరిపడా ఉంది. అదీ పోతే సోమవారం మీకు మామూలు బల్బే గతి.”

స్కేలుకి ఏడుపు తన్నుకొచ్చింది. “అంతా నావల్లే.”

“ముక్కు తుడుచుకో. నా చేతిలో ఎన్ని పోయాయో నాకే గుర్తులేదు.”

పెద్దమ్మ మళ్ళీ కరిగిన గాజులో గొట్టం ముంచి తీసింది. తిప్పుతూ, తిప్పుతూ ఊదింది. కొలిమి సన్నగా హోరుమంటోంది. గదంతా నారింజ రంగు వెలుగు. బుడగ మెల్లగా ఒళ్ళు విరుచుకుని, పొట్ట పెంచుకుంటోంది. స్కేలుకి నీళ్ళ అడుగున ఎక్కడో కూర్చున్నట్టుంది.

పెద్దమ్మ పటకారుతో తోక లాగింది. మళ్ళీ పక్కకే వంగింది!

స్కేలు రెండు చేతులతో నోరు మూసుకుంది. గాజు మళ్ళీ కొలిమిలోకి వెళ్ళాకే చేతులు తీసింది.

“ఇప్పుడు చెప్పు. నిటారుగా లాగమంటావా?”

స్కేలు నేలమీది బొమ్మని చూసింది. కొలిమిలో తిరుగుతున్న గాజుని చూసింది. “మీకెలా అనిపిస్తోంది పెద్దమ్మా?” అంది. పొద్దుట్నుంచీ ఆ మాట అడగనేలేదు.

“నాకా? నిద్దట్లో పక్కకి ఒత్తిగిల్లినట్టుంది.”

నిజమే! అచ్చం అలాగే ఉంది. తన బొమ్మకంటే బాగుందని స్కేలుకి ఒప్పుకోక తప్పలేదు.

“అయితే లేపొద్దు,” అంది గుసగుసగా.

నేలమీది నిటారు తోకని అరచేత్తో చెరిపేసింది. సుద్దముక్క తీసుకుని, స్కేలు పెట్టకుండా ఉత్త చేత్తోనే వంగిన తోక గీసింది.

సోమవారం కొత్త గదిలో చాపలమీద, పుస్తకాలమీద నీలి వెలుగు పరుచుకుంది. ఒకటో తరగతి బుడ్డోడు తలెత్తి, “అక్కా, దాని తోకేంటి వంకరగా ఉంది?” అని గట్టిగా అడిగాడు.

“ష్! పడుకుంది,” అంది స్కేలు. “పెద్దమ్మా నేనూ కలిసి పడుకోబెట్టాం.”