డెబ్భై నాలుగో నంబరుకి ఎఫ్ గ్రేడు

ఏప్రిల్ చివరి ఆదివారం టొలీడోలో ఎవరూ పేపరు మొదటి పేజీ నుంచి చదవరు. చర్చికి బయల్దేరినవాళ్ళు కూడా ముందు స్పోర్ట్స్ పేజీలో మా అమెరికన్ ఫుట్‌బాల్ టీంకి ఎంత గ్రేడు పడిందో చూసుకుని, ఆ తర్వాతే దేవుడికి ఏం మొరపెట్టుకోవాలో నిర్ణయించుకుంటారు.

ఆ ఆదివారం మాత్రం దేవుడితో నాకే ఎక్కువ పని పడింది.

డ్రాఫ్ట్ ముందురోజే ముగిసింది. ముప్పై రెండు టీములు మూడు రోజుల పాటు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఏరుకున్నాయి. వాళ్ళలో ఒక్కడూ ఇంకా మైదానంలో కాలు పెట్టలేదు. అయినా తెల్లారేసరికి పేపర్లో మార్కులు పడిపోయాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

'మొదటి రౌండ్: బి. రెండో రౌండ్: బి ప్లస్. మూడో రౌండ్, కోల్బీ రస్ముసెన్: ఎఫ్. ఎదుటివాళ్ళని అడ్డుకోవాల్సింది పోయి, తోస్తే తనే పడిపోయే లైన్‌మన్‌ని మూడో రౌండ్లో తీసుకోమన్న మహానుభావుడెవరో టీం వెతికి పట్టుకోవాలి.'

ఆ మహానుభావుణ్ణి నేనే. పేరు ఓవెన్ పావ్లాక్. ఆటగాళ్ళని వెతికిపెట్టే స్కౌట్‌ని. రస్ముసెన్ కోసం సౌత్ డకోటాలోని ఓ చిన్న కాలేజీకి మంచులో నాలుగుసార్లు కారు నడుపుకుంటూ వెళ్ళాను. డ్రాఫ్ట్ గదిలో అందరూ వద్దంటుంటే బల్ల గుద్ది మరీ ఒప్పించాను.

మా స్కౌట్ల కాంట్రాక్టులు మే నెలతో అయిపోతాయి. ఎవరు ఉండాలో, ఎవరు ఇంటికి పోవాలో డ్రాఫ్ట్ తర్వాత వచ్చే సోమవారమే తేలుతుంది. టీం యజమాని మిసెస్ ఓబర్‌హోల్ట్ ఎనభై ఒక్క ఏళ్ళ పెద్దావిడ. వీడియోలు చూడదు, రిపోర్టులు చదవదు. నదీన్ ఖూరీ పేపర్లో వేసే గ్రేడులు మాత్రం ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదువుతుంది. కిందటేడు డి పడిన స్కౌట్ ఇప్పుడు డేటన్‌లో ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు. నాకు పడింది ఎఫ్.

ఆ నదీన్ ఖూరీ, నేను పేపరు చదువుతూ కూర్చున్న హోటల్లోనే, కౌంటర్ దగ్గర నాకు రెండు స్టూళ్ళ అవతల కూర్చుని తాపీగా ఆమ్లెట్ తింటోంది. పేపరు ఫోటోలో చూసే మొహమే. ఫోటోలో కాస్త కోపంగా ఉంటుంది, అంతే.

స్కౌట్ అనేవాడు పత్రికలవాళ్ళతో మాట్లాడకూడదని మా టీం రూలు. మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది. నాకు గుర్తుంది. నోటికే గుర్తులేదు.

"ఒకడికి ఎఫ్ ఇచ్చి ఎలా తినబుద్ధవుతోందండీ?"

ఆమె నావైపు తిరిగింది. పెద్ద నల్లటి కళ్ళు. వాటిలో కోపం లేదు సరికదా, సరదా ఉంది.

"ఉప్పు తక్కువైంది. అందుకే కాస్త కష్టంగా ఉంది. ఆ సీసా ఇటు ఇస్తారా?"

ఇచ్చాను. ఇచ్చినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

"మీరెవరు? రస్ముసెన్‌కి చుట్టాలా?"

"మామూలు అభిమానిని. పడవల మోటార్లు బాగుచేసుకుంటాను."

"ఓహో. మరి మోటార్లాయనకి నా గ్రేడులో తప్పేం కనబడింది?"

"తోస్తే పడిపోతాడని రాశారు. వాడు పడడమేమిటండీ! తెల్లారుజామునే లేచి డెయిరీలో ఆవుల్ని తోలిన కుర్రాడు. మూడు వందల పది పౌండ్లు. ముప్పై మూడున్నర అంగుళాల చేతులు. వాడి చేతికి చిక్కినవాడు కదలలేడు."

ఆమె ఫోర్కు కింద పెట్టింది. "మోటార్లు బాగుచేసే మనిషికి వాడి చేతుల పొడవుతో ఏం పని?"

"అంటే... పడవలో పట్టాలి కదా."

కౌంటర్ అవతల కాఫీ పోస్తున్నావిడ కూడా నవ్వింది. నదీన్ అయితే గట్టిగా, తల వెనక్కి వేసి నవ్వింది. అలా నవ్వే మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

"వాదన ఎందుకు? వాడి ఆట వీడియో నా కారులో ఉంది. రండి, కళ్ళతో చూసి మాట్లాడండి" అంది.

బయట వాన అందుకుంది. కారు దాకా పరిగెత్తేసరికే ఇద్దరం తడిశాం. ఆమె జుట్టు నుంచి నీళ్ళు కారుతుంటే చేత్తో తుడుచుకుని, ఒళ్ళో లాప్‌టాప్ తెరిచింది. నేను తెరవైపు చూడాలని నాకు నేను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

"ఇదిగో, చొక్కా మీద డెబ్భై నాలుగు. మీ రస్ముసెనే. పడ్డాడా?"

"పడ్డాడు."

"ఇక్కడ? మళ్ళీ పడ్డాడు. దీన్నేమంటారు మోటార్లాయనా? అలలు ఎక్కువగా ఉన్నాయంటారా?"

తెరకి మొహం దగ్గరగా పెట్టి చూశాను. ఆట మొదలయ్యే ముందు ఈ కుర్రాడు ఎడమచెయ్యి నేలకి ఆనించి వంగుతున్నాడు. రస్ముసెన్ ఎప్పుడూ కుడిచెయ్యే ఆనిస్తాడు.

"ఇది ఎప్పటి ఆట?"

"కిందటి సీజన్‌ది కాదు, దానికి ముందుది. చిన్న కాలేజీ కదా, గ్రేడులు పంపే టైముకి నాకు దొరికినవి ఈ రెండు ఆటలే. ఏం?"

"వీడు రస్ముసెన్ కాదు."

"డెబ్భై నాలుగేగా!"

"డెబ్భై నాలుగు రస్ముసెన్‌కి వచ్చింది కిందటేడే. అంతకుముందు ఆ నంబరు వేసుకున్నవాడు చదువైపోయి వెళ్ళిపోయాక మనవాడు అడిగి తీసుకున్నాడు. ఈ ఆటనాటికి రస్ముసెన్ నంబరు అరవై ఆరు. అదిగో, పక్కనే ఉన్నాడు చూడండి."

ఆమె వీడియో వెనక్కి తిప్పింది. డెబ్భై నాలుగు కిందపడ్డాడు. వాడి పక్కనే అరవై ఆరు ఒకణ్ణి రెండు చేతులా పట్టుకుని, గడ్డిమోపులా ఎత్తి అవతల పారేశాడు. ఇంకోసారి తిప్పింది. ఇంకోసారీ పారేశాడు.

మా వృత్తిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కాలేజీ కుర్రాళ్ళు ఏడాదికో నంబరు మారుస్తారు. తొందరలో మర్చిపోనివాళ్ళు కూడా లేరు. కానీ మర్చిపోయి, ఊరంతా చదివే పేపర్లో ఎఫ్ వేసింది మాత్రం ఆమె ఒక్కతే.

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"తొమ్మిదేళ్ళలో ఒక్క గ్రేడూ వెనక్కి తీసుకోలేదు నేను" అంది మెల్లగా. తర్వాత నావైపు చూసింది. "మీరే కదూ ఆ మహానుభావుడు?"

"ఎప్పుడు తెలిసింది?"

"పడవలో పట్టాలి అన్నప్పుడు. నాతో మాట్లాడితే మీ ఉద్యోగం పోతుంది కదా?"

"మాట్లాడకపోయినా మీ ఎఫ్ వల్ల రేపు పోయేదే."

ఆమె మొహం వాడిపోయింది. వచ్చినప్పుడు ఈ మనిషిని నాలుగు మాటలు అనాలని నాకు ఎంత కసిగా ఉందో, ఇప్పుడు ఆ మొహం మళ్ళీ నవ్వితే చాలని అంత గట్టిగా అనిపించింది. ఉద్యోగం సంగతి కాసేపు మర్చిపోయానంటే నమ్మండి.

"ఏం చేస్తారు?" అన్నాను.

"ముందు ఆ కాలేజీకి ఫోన్ చేస్తాను."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. కానీ మీరు చెప్పారని రాస్తే మీ కొంప మునుగుతుంది. నా అంతట నేనే కనుక్కున్నానని రాయాలంటే నిజంగా కనుక్కోవాలి. దిగండి, ఎవరైనా చూస్తారు."

దిగాను. ఆమె కిటికీ అద్దం కొంచెం దించింది. "పేరు చెప్పలేదు?"

"ఓవెన్."

"ఓవెన్ గారూ, వాన పడుతోంది. తడుస్తూ నిలబడ్డారు."

నిజమే. కారు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను.

సోమవారం పొద్దున స్పోర్ట్స్ పేజీలో పెద్ద అక్షరాలు: 'ఈ ఎఫ్ నాది.'

'నేను ఇంకో కుర్రాడి ఆట చూసి రస్ముసెన్‌కి గ్రేడు వేశాను. నంబరు మారిన సంగతి చూసుకోలేదు. నిన్న కాలేజీవాళ్ళని అడిగి రూఢి చేసుకున్నాను. రస్ముసెన్ ఆడాక అతని గ్రేడు చెబుతాను. ఎఫ్ మాత్రం ఉంటుంది. దాన్ని నా పేరు పక్కన రాసుకోండి.'

అంతవరకూ చదివానో లేదో ఫోన్ మోగింది. మా జనరల్ మేనేజర్ డీట్జ్. "ఏమోయ్, ఉన్నపళంగా రా."

పేపరు అక్కడే పారేసి పరిగెత్తాను.

"పొద్దున్నే పెద్దావిడ ఫోన్ చేసింది" అన్నాడు డీట్జ్. "తప్పు ఒప్పుకునే పత్రికలవాళ్ళు కూడా ఉన్నారా అని ఒకటే నవ్వు. ఆ కుర్రాణ్ణి పట్టుకొచ్చినవాణ్ణి వదలొద్దంది. ఇదిగో, రెండేళ్ళ కాంట్రాక్టు. సంతకం పెట్టు."

పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టబోయి ఆగాను. ఆమె ఊరందరి ముందూ తప్పు ఒప్పుకుంది. ఒక్క డీట్జ్ ముందు నిజం చెప్పడానికి నాకేమొచ్చింది?

"సార్, ఒక మాట. నిన్న హోటల్లో ఆమెతో మాట్లాడాను. రూలు తెలిసే మాట్లాడాను."

డీట్జ్ కళ్ళజోడు తీశాడు. "ఏం చెప్పావు?"

"రస్ముసెన్ చేతుల పొడవు."

"అది శుక్రవారం మనమే అందరికీ ప్రకటించాం. ఇంకా?"

"నంబరు మారిందని."

"కాలేజీవాళ్ళని ఎవరడిగినా చెబుతారు. ఇంకా?"

"ఇంకేం లేదు."

"మొహం చూస్తే ఇంకేదో ఉన్నట్టుందే."

"ఉంది సార్. అది ఆమెకి చెప్పలేదు."

డీట్జ్ నిట్టూర్చాడు. "చూడవోయ్. మన టీం గురించి రాసే మనిషితో అలాంటివి కుదరవు. ఆమైనా, ఈ ఉద్యోగమైనా. రెండిట్లో ఒకటే."

నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను. పెట్టాక భయం వేసింది కానీ, మళ్ళీ తీయబుద్ధి కాలేదు.

డీట్జ్ కాసేపు పెన్ను వైపు, కాసేపు నా వైపు చూశాడు. "ఆమె రాసింది మొత్తం చదివావా?"

"సగం చదివాను సార్. ఇంతలో మీరు ఫోన్ చేశారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, పేపరు మడత విప్పి, చివరి పేరా పైకి చదివాడు. 'ఇవాళ్టి నుంచి మన ఊరి టీం గురించి ఈ పేజీలో నా సహోద్యోగి రాస్తాడు. మిగతా ముప్పై ఒక్క టీముల సంగతి నేను చూసుకుంటాను. కారణం నా సొంతం. అందులో సగం వాటా ఉన్న మనిషికి ఆ సంగతి ఇంకా తెలియదు.'

"ఇంకోసారి చదవండి సార్."

"ముందు సంతకం పెట్టు. తర్వాత నువ్వే వెళ్ళి చదివించుకో."

పేపరు ఆఫీసు మెట్ల కింద వానలో అరగంట నిలబడ్డాను. నదీన్ బయటికి వచ్చి, నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"చదివావా?"

"మా బాస్ పైకి చదివి వినిపించాడు."

"అయ్యో దేవుడా!" రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఆయనా? ఎంతవరకూ?"

"ఆఖరి మాట దాకా. నా ఉద్యోగం ఉంది నదీన్. నువ్వలా రాసినందుకు ఉంది. అది చెప్పడానికి రాలేదు. నువ్వంటే నాకు ఇష్టం. నిన్న కారులో కూర్చున్నప్పటి నుంచీ ఇష్టం."

వేళ్ళ సందులోంచి ఆ నల్లటి కళ్ళు నావైపు చూశాయి. "ఇంకోసారి చెప్పు."

చెప్పాను. వాన చప్పుడుకి గొంతు పెంచాల్సి వచ్చింది. పక్కన పేపరు కొనుక్కుంటున్న పెద్దాయన కూడా విన్నాడు. మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. ఆమె మొహం గుర్తుపట్టాడు.

"అదంతా సరేగానమ్మా" అన్నాడు, పేపరు తడవకుండా కోటులో దోపుకుంటూ. "ఆ రస్ముసెన్ నిజంగా ఆడతాడంటావా?"

"ఆడతాడండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.