చేతికి తెలియని కాయ

తెల్లారగానే కోసిన టమాటాలు ఇంటి ముందర కుప్పగా పోసి ఉన్నాయి. హేమావతి గోనెపట్ట మీద కూర్చుని ఏరుతోంది. దోరకాయ ఒక బాక్సులోకి, పండుకాయ ఇంకో బాక్సులోకి, మెత్తబడింది గంపలోకి. పుంగనూరు పక్కనున్న ఆ పల్లెకు కోడలుగా వచ్చినప్పటి నుంచి ఈ పని ఆమెదే. రంగు చూసి ఎవరైనా ఏరతారు. లోపల నీరు పట్టిన కాయ మాత్రం పైకి గట్టికాయ లాగే ఉంటుంది. దాన్ని వేళ్లతో ఒత్తి తెలుసుకోవాలి.

అత్త అంజమ్మ గడపలో కూర్చుని వక్కాకు నములుతోంది. ఆటో వచ్చే పొద్దయింది, ఈరోజు యాల ఇంత నిదానం అని అడిగింది.

"ఏం లేదత్తా" అంది హేమావతి. కొన్నాళ్లుగా ఎవరేమడిగినా ఆమె చెప్పేది ఆ మాటే.

మొదట్లో చెప్పింది. అరికాళ్లు మండుతున్నాయని, వేళ్లు మొద్దుబారుతున్నాయని, నిద్ర లేచేసరికే ఒళ్లు అలసిపోయి ఉంటుందని. భర్త మునిచంద్ర ఆమెను మదనపల్లెకు పిలుచుకుని పోయాడు. రక్తం తీశారు, ఫోటోలు తీశారు. డాక్టరు కాగితాలు తిరగేసి, ఆమె వైపు చూడకుండా మునిచంద్రతో అన్నీ నార్మల్ అన్నాడు. ఈ వయసు ఆడవాళ్లకు దిగులు మామూలే అని మాత్రలు రాశాడు. ఆ మాత్రలకు నిద్ర వచ్చింది గానీ వేళ్లకు తెలివి రాలేదు. ఇంకో డాక్టరు, ఏమ్మా సీరియళ్లు ఎక్కువ చూస్తావా అని నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని ఆమె కూడా నవ్వింది.

అంజమ్మది వేరే దారి. కోడలికి గాలి సోకిందని మెడలో తాయెత్తులాంటి అంత్రం కట్టించింది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మునిచంద్ర డాక్టరును నమ్మాడు, అంజమ్మ గాలిని నమ్మింది. హేమావతిని నమ్మడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆమె చెప్పడం మానేసింది. పని మాత్రం మానలేదు. మానితే, బద్ధకానికి జబ్బు పేరు పెట్టింది అంటారు.

మునిచంద్ర బాక్సులు ఆటోకు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు ఖాళీ బాక్సులతో పాటు ఒక నిండు బాక్సు కూడా దించాడు. దాన్ని మోసుకొచ్చి భార్య ముందర బోర్లించాడు. పైన గట్టికాయ ఉంది. అడుగున పడిన మెత్తకాయ బరువుకు చితికి రసం కారుతోంది.

జరిగింది తల్లికి చెప్పాడు. వాళ్ల కాయ అమ్మిపెట్టే మండీ ముద్దుకృష్ణ, వేలం పాటకు ముందు నలుగురు బయ్యర్ల ఎదుట ఆ బాక్సు దిమ్మరించాడంట. పైన మంచికాయ పేర్చి అడుగున మెత్తకాయ దాచడం మార్కెట్టులో దొంగపని. మీ నాయన మొహం చూసి ఇన్నేండ్లు నీ బాక్సు తెరిచి చూడలేదప్పా అన్నాడంట.

"నన్ను దొంగను చేసినావు మే" అన్నాడు భార్యతో. గొంతు పెంచలేదు.

"నేను సూసే ఏసినా మామా."

"సూసి ఏస్తే ఇట్లుంటాదా? నా మీద కోపముంటే నాతో తీర్చుకో. కాయ మీద యాల?"

పిల్లకు ఒళ్లు బాగలేదు ఊరుకోరా అని అంజమ్మ అడ్డం వచ్చింది.

"ఏం బాగలేదు మా? ఇద్దురు డాక్టర్లు ఏమీ లేదనిరి. నువ్వు కట్టిన అంత్రం మెడలోనే ఉండాది. ఇంకా ఏం బాగలేదు?"

కింద నుంచి రెండు కాయలు తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. "ఇది గట్టిది, ఇది మెత్తది. చిన్నబిడ్డకైనా తెలుస్తాది."

"నాకు తెలీదు మామా. రెండూ ఒకే మాదిరి ఉండాయి."

ఆమె అతని మొహంలోకే చూస్తూ చెబుతోంది. చెబుతూ ఎడమచేయి బిగించింది. మెత్తకాయ పగిలింది. రసమూ గింజలూ మోచేతి దాకా కారి చీర మీద పడ్డాయి. ఆమె చేయి వదల్లేదు, దించలేదు. ఇంకా అతని మొహమే చూస్తోంది. అంజమ్మ నమలడం ఆపింది.

"మే, చెయ్యి సూసుకో" అన్నాడు మునిచంద్ర.

ఎవరిదో చేయి చూసినట్టు చూసుకుంది.

"ఇంత ఉండాదని నాకు చెప్పొద్దా?"

"చెప్పినా. మాత్రలు మింగమంటివి." ఆ మాటలో కోపం లేదు. ఏడుపూ లేదు.

మునిచంద్ర లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆమె చేయి తానే కడిగాడు. నీళ్లు చల్లగా ఉండాయా అని అడిగాడు. తెలీడం లేదంది. ఒక్కొక్క వేలూ పట్టుకుని, ఇది తెలుస్తాందా, ఇది తెలుస్తాందా అని అడిగాడు. ఇన్నాళ్లలో ఆమెను అట్లా అడిగినవాళ్లు లేరు.

సాయంత్రం ముద్దుకృష్ణకు ఫోను చేశాడు. దాచిపెట్టి పంపింది కాదన్నా, నా భార్య చేతికి స్పర్శ లేదు, ఇకమీద కాయ నేనే ఏరతాను అన్నాడు. సరేలేప్పా, ఏదో ఒకటి చెప్పాల కదా అని ముద్దుకృష్ణ పెట్టేశాడు. నిజం చెప్పినా ఎదుటివాడు నమ్మకపోతే ఎట్లుంటుందో మునిచంద్రకు అప్పుడు తెలిసింది.

తర్వాతి కోత అయిన మర్నాడు ఇద్దరూ కుప్పంలో పెద్దాసుపత్రికి పోయారు. అక్కడి డాక్టరు కూడా పాత కాగితాలన్నీ చూసి, ఇందులో ఏమీ లేదు కదమ్మా అని ఫైలు ముందుకు నెట్టాడు. తర్వాతి మనిషి కోసం తలుపు వైపు చూశాడు. హేమావతి అలవాటుగా లేచింది.

"కూసో మే" అన్నాడు మునిచంద్ర. తాను లేవలేదు. "సార్, కాగితాల్లో ఏముండాదో మాకు తెలీదు. ఈమె చేతిలో కాయ పగిలితే ఈమెకు తెలీలేదు. నేను కండ్లారా సూసినా. మీకు తెలీకపోతే తెలీదనండి. ఏమీ లేదని మాత్రం అనొద్దండి."

డాక్టరు అతని వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆమెను కళ్లు మూసుకోమని సూదిమొనతో, దూదితో వేళ్లూ పాదాలూ తాకి చూశాడు. బయట జనం గొణుగుతున్నా ఆపలేదు. చివరికి, ఏదో ఉందమ్మా, ఏమిటో నాకు ఇంకా తెలియడం లేదు, నరాలకు ఇంకో పరీక్ష చేయాలి, మళ్లీ రండి అన్నాడు.

తిరుగు బస్సులో ఉండగా అంజమ్మ ఫోను చేసింది. డాక్టరు ఏమన్నాడని అడిగింది.

"జబ్బుండాది మా" అన్నాడు మునిచంద్ర. "పేరే ఇంకా తెలీలేదు."

ఫోను జేబులో పెట్టుకుని పక్కకు చూశాడు. హేమావతి కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. ఏడవొద్దు అనలేదు. ఇప్పుడు యాడ నొప్పిగా ఉండాది అని అడిగాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. బస్సు పలమనేరు దాటినా ఆమె ఇంకా చెబుతూనే ఉంది.